టౌపో సరస్సు పక్కన హౌస్ సిట్టింగ్: అద్దె లేదు, పని ఉంది

న్యూజిలాండ్‌లో ఆక్లాండ్ నుంచి టౌపోకి కారులో మూడున్నర గంటలు. అక్కడ అకేషియా బేలో సరస్సుకి ఎదురుగా ఉన్న ఒక ఇంటిని కొన్నేళ్లుగా చలికాలంలో మేమే చూసుకుంటున్నాం. జులై రాగానే ఇంటివాళ్లు ఎండ వెతుక్కుంటూ వెళ్లిపోతారు. ఇల్లు, ముసలి లాబ్రడార్ మాకు అప్పగింత. మేం అద్దె కట్టం, వాళ్లు జీతం ఇవ్వరు. కరెంటు బిల్లు ఎవరిదో మాత్రం ముందే తేల్చుకోండి.

రెస్ట్ దొరుకుతుందా అంటే, బాగానే దొరుకుతుంది. కాకపోతే టైమ్ మనది కాదు, కుక్కది. తెల్లారకముందే తలుపు గీకుతుంది. గడ్డి మీద మంచు పేరుకున్నా సరే, ఒడ్డు దాకా నడిపించాల్సిందే. అక్కడ నీళ్ల అంచున ప్యూమిస్ రాళ్లు, అంటే అగ్నిపర్వతం కక్కిన తేలిక రాళ్లు, కొట్టుకొచ్చి ఉంటాయి. చేతిలోకి తీసుకుంటే బరువే తెలీదు, నీళ్లలోకి విసిరితే రామప్ప గుడి ఇటుకలా తేలుతాయి. దాదాపు 25,500 ఏళ్ల క్రితం ఇక్కడ అగ్నిపర్వతం పేలి నేల కుంగిపోతే, ఆ గుంటలో నిండిన నీళ్లే ఈ 616 చదరపు కిలోమీటర్ల సరస్సు. మా కుక్కగారికి ఆ రాళ్లు నోట కరుచుకుని రావడమంటే మహా సరదా.

అసలు పని కట్టెల పొయ్యితో. ఎండిన కట్టె లేకపోతే ఇల్లంతా పొగే తప్ప వేడి ఉండదు. షెడ్డులో కట్టెలు సరిపడా ఉన్నాయో లేదో తాళాలు తీసుకునే రోజే చూసుకోండి. బూడిద చల్లారినట్టే ఉంటుంది గానీ లోపల నిప్పు రోజుల తరబడి ఉంటుంది. ఇనప బకెట్లోనే ఎత్తాలి, ప్లాస్టిక్ డబ్బా జోలికి పోవద్దు.

వంట సంగతి మన వాళ్లందరూ అడిగేదే. వంటింటికీ హాలుకీ మధ్య గోడ లేదు, ఎదురుగా తెల్ల సోఫాలు. అందుకే పోపు మాత్రం ఇంటి బయటి డెక్ మీద బార్బెక్యూ పక్కనున్న గ్యాస్ పొయ్యి మీద పెడతాం. ఆ చలిలో ఎండుమిర్చి ఘాటు ఎంత బాగుంటుందో! ట్రౌట్ చేపల పులుసు మీద ఆశ ఉంటే లైసెన్స్ తీసుకుని మీరే పట్టుకోవాలి. ఈ దేశంలో ట్రౌట్ అమ్మడం చట్టరీత్యా కుదరదు.

సాయంత్రాలు స్పా థర్మల్ పార్కుకి వెళ్తాం. వేడి వాగు వైకాటో నదిలో కలిసే చోట పైసా ఖర్చు లేకుండా కూర్చోవచ్చు. తల మాత్రం ముంచకండి, అమీబా భయం ఉంది.

కుక్కని ఎక్కువసేపు ఒంటరిగా వదలకూడదు కాబట్టి టోంగరీరో క్రాసింగ్ లాంటి రోజంతా పట్టే నడకలు మర్చిపోవాలి. ఊళ్లు చుట్టేద్దామనుకునేవాళ్లకి మోటెలే నయం. పుస్తకం పట్టుకుని కిటికీ దగ్గర కూర్చునేవాళ్లకైతే ఐదుకి నాలుగున్నర ఇస్తాను. పసిపిల్లలుంటే మూడే, డెక్ కింద గట్టుకి కంచె లేదు.