తొలికాన్పు పుట్టింట్లోనా, వైజాగ్‌లోనా? సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉన్న అమ్మాయికి ఏది మేలు?

మా చెల్లికి ఐదో నెల రాగానే ఇంట్లో ఇదే గొడవ. అమ్మ ఉండేది పాలకొండ దగ్గర పల్లెలో, చెల్లీ మరిదీ వైజాగ్ ఎంవీపీ కాలనీలో. "తొలికాన్పు పుట్టింట్లో కాకపోతే ఊరోళ్లు ఏటనుకుంటారే" అంటాది అమ్మ. చెల్లికేమో సిస్టిక్ ఫైబ్రోసిస్, జీన్ల వల్ల పుట్టుకతో వచ్చే జబ్బు. ఊపిరితిత్తుల్లో కఫం బంకలా గట్టిపడిపోద్ది, పాంక్రియాస్ నుంచి ఎంజైములు రాక తిన్న కొవ్వు అరగదు, చెమటలో ఉప్పు ఎక్కువ పోద్ది. చిన్నప్పుడు దాని నుదుటి మీద ముద్దు పెట్టుకుంటే పెదాలకి ఉప్పగా తగిలేది, అదేంటో తెలీక టీబీ అనుకుని ఆ మందులు కూడా వాడించాం.

ఈ జబ్బుంటే పిల్లలొద్దు అనేసే రోజులు పోయాయి కానీ కడుపు రాకముందే చూసుకోవాల్సినవి ఉన్నాయి. ఊదే టెస్టులో ఎఫ్ఈవీ1, అంటే మొదటి సెకనులో గట్టిగా బయటికి ఊదగలిగే గాలి, ఉండాల్సిన దాంట్లో 50 శాతం కన్నా తగ్గితే నెలలు నిండకుండా కాన్పయ్యే ప్రమాదం ఎక్కువ, ఊపిరితిత్తుల్లో బీపీ ఉంటే తల్లి ప్రాణానికే ముప్పు. చెల్లిది 68 ఉంది. ఇంకోటి, మాది మేనరికం, అందుకే మరిదికి ముందే జీన్ టెస్టు చేయించాం, ఆయనకీ ఆ జీన్ ఉంటే బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం సగానికి సగం మరి.

పుట్టింట్లో మంచేంటంటే విశ్రాంతి. వైజాగ్‌లో మరిది డ్యూటీకెళ్తే ఫ్లాట్‌లో ఒక్కర్తే, పైగా ఈ ఉక్కపోతకి చెమట కారిపోద్ది, ఓఆర్ఎస్, ఉప్పు మజ్జిగ పక్కనే పెట్టుకుని కూర్చోవాలి. ఊళ్లో అయితే చేతికింద మనుషులుంటారు, ఇది చిన్న విషయం కాదు, రోజుకి రెండుసార్లు నెబ్యులైజర్, ఆ తర్వాత కఫం తీయించడం, భోజనానికల్లా ఎంజైమ్ క్యాప్సూల్స్, ఇవన్నీ నిండు కడుపుతో ఒక్కర్తే చేసుకోలేదు.

కానీ నాకు భయం పుట్టించింది బాలింత పథ్యం. నీళ్లు కొలిచి ఇస్తారు, నెయ్యి తగ్గిస్తారు, చప్పిడి కూరలు పెడతారు, స్నానం అయ్యాక మంచం కింద సాంబ్రాణి పొగ. ఇందులో ఒక్కటి కూడా చెల్లికి పడదు. నీళ్లు తగ్గితే కఫం ఇంకా చిక్కబడద్ది, ఉప్పు లేకపోతే నీరసించి పడిపోద్ది, పాలివ్వాలంటే మామూలుకన్నా ఎక్కువ తిండి, కొవ్వు కావాలి. పొగ సంగతి చెప్పక్కర్లేదు. పొరుగింటి పెద్దమ్మ వచ్చి "మేమంతా ఇలాగే కన్లేదా" అంటే చెల్లి ఎదురు చెప్పలేదు.

వైద్యం వైపు నుంచి చూస్తే వైజాగే. ఈ జబ్బు వాళ్లకి కడుపుతో ఉన్నప్పుడు షుగర్ రావడం ఎక్కువ, మొదట్లో ఒకసారి, మళ్లీ 24 నుంచి 28 వారాల మధ్య గ్లూకోజ్ తాగించి టెస్టు చెయ్యాలి. విటమిన్ ఎ రోజుకి 10,000 యూనిట్లు దాటకూడదు. దగ్గు పెరిగితే ఏ యాంటీబయాటిక్ పడితే అది వాడకూడదు, టెట్రాసైక్లిన్ లాంటివి బిడ్డకి మంచివి కావు. ఇది కాన్పు డాక్టరూ ఊపిరితిత్తుల డాక్టరూ కలిసి తేల్చాలి, వైజాగ్‌లో ఇద్దరూ ఆటో దూరంలో ఉంటారు, ఊళ్లో అర్ధరాత్రి ఆయాసం వస్తే గంటల ప్రయాణం. ఊపిరితిత్తులు బాగుంటే నార్మల్ కాన్పే మంచిదన్నారు, నొప్పులు తగ్గించే ఎపిడ్యూరల్ ఇస్తే ఆయాసపడకుండా ఉంటాదట, అదీ ఇక్కడే దొరుకుద్ది.

నా ఓటు వైజాగ్‌కే, కాకపోతే చెల్లిని ఊరికి పంపే బదులు అమ్మనే తెచ్చేశాం. ఏడో నెలలో నెయ్యి డబ్బా పట్టుకుని దిగింది. ఫిజియోథెరపిస్టు దగ్గర కూర్చుని వీపు తట్టడం నేర్చుకుంది, అరచెయ్యి దొప్పలా వంచి పక్కటెముకల మీద తడతాది, వెన్నుపూస మీద పడనివ్వదు, చెల్లి దగ్గి కఫం ఉమ్మేదాకా వదలదు.