తెలుగు వికీపీడియాలో నాకు అన్నిటికన్నా నచ్చింది 'చర్చ' పేజీ

తెలుగు వికీపీడియా గురించి కొత్తగా చెప్పడానికి ఏమీ లేదు. 2003 డిసెంబరులో మొదలైంది, లక్ష వ్యాసాలు దాటింది, ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. ఇవన్నీ అందరికీ తెలిసినవే. నేను రాస్తున్నది వ్యాసం పక్కనే ఉండే 'చర్చ' అనే ట్యాబు గురించి మాత్రమే. చాలా ఏళ్ళుగా వాడుతున్నాను. ఇప్పుడు ఏ జీవిత చరిత్ర వ్యాసం తెరిచినా ముందు చర్చ పేజీ చూసి, ఆ తరవాతే వ్యాసం చదువుతాను.

పుస్తకంలో ఒక తేదీ మీద అనుమానం వస్తే ఎవర్ని అడగాలి? రచయిత ఉండరు, ప్రచురణకర్త జవాబివ్వరు. ఇక్కడ అలా కాదు. ఒక వాక్యం ఎందుకు అలా ఉందో, దాన్ని ఎవరు కాదన్నారో, ఏ పుస్తకం చూపించాక ఒప్పుకున్నారో, అంతా సంతకాలతో, తేదీలతో అక్కడే ఉంటుంది. వాదన ముగిసినా దాన్ని తుడిచెయ్యరు. అది నాకు చాలా పెద్ద విషయం.

ఒక ఉదాహరణ చెబుతాను. గత శతాబ్దం మొదట్లో భీమవరం తాలూకాలో పుట్టిన ఒక రంగస్థల కళాకారుడి వ్యాసం అది. ఆ కుటుంబం వాళ్ళు ఉన్నారు కాబట్టి పేరు రాయడం లేదు. ఒకాయన ఆయనది కృష్ణా జిల్లా అని రాశారు. ఇంకొకాయన దాన్ని పశ్చిమ గోదావరి చేశారు. మొదటాయన రద్దు చేశారు, రెండో ఆయన మళ్ళీ మార్చారు. దిద్దుబాటు సారాంశాల్లో, అంటే ఏం మార్చామో ఎందుకు మార్చామో రాసే చిన్న వాక్యాల్లో, మాటలు వేడెక్కాయి. "భీమవరం కృష్ణా జిల్లాలో ఎప్పుడుందండీ?" అని ఒకరు. "అచ్చులో ఉన్నది కాదంటే ఎలా?" అని ఇంకొకరు. ఆ వ్యాసం నా వీక్షణ జాబితాలో (మార్పులు జరిగితే తెలిసేలా పెట్టుకునే జాబితాలో) ఉంది కాబట్టి చర్చ పేజీలో ఒక విభాగం తెరిచాను. ఇద్దరూ ఆధారాలు ఇక్కడ పెట్టండి, తేలేదాకా జిల్లా పేరు ముట్టుకోవద్దు అని కోరాను.

కృష్ణా అన్నాయన ఒక పాత పుస్తకం స్కాన్ లింకు పెట్టారు. అందులో నిజంగానే కృష్ణా జిల్లా అని ఉంది. రెండో ఆయన అది అచ్చుతప్పు అన్నారు. ఆ తరవాత ఎవరూ మాట్లాడలేదు. ఇక ఇది తేలదనే అనుకున్నాను.

కొన్ని వారాల తరవాత, అప్పటిదాకా ఈ వ్యాసం వైపే రాని ఒక వాడుకరి వచ్చి, జిల్లాల చరిత్ర వివరంగా రాశారు. 1904లో గోదావరి జిల్లాను కుదించి ఏలూరు, తణుకు, భీమవరం, నరసాపురం లాంటి తాలూకాలను కృష్ణా జిల్లాలో కలిపారు. 1925లో వాటిని విడదీసి పశ్చిమ గోదావరి జిల్లా చేశారు. అంటే ఆ కళాకారుడు పుట్టిన ఏడాదికి భీమవరం కృష్ణా జిల్లాలోనే ఉంది. పుస్తకంలో ఉన్నది సరైనదే. భీమవరం పశ్చిమ గోదావరిలో ఉందన్నదీ సరైనదే. ఇద్దరూ నిజమే రాశారు, వేరువేరు కాలాల నిజం.

చివరికి "మద్రాసు ప్రెసిడెన్సీ, అప్పటి కృష్ణా జిల్లా (ఇప్పటి పశ్చిమ గోదావరి జిల్లా)" అని ఒప్పుకున్నారు. ఆ మాటను వ్యాసంలో చేర్చింది అచ్చుతప్పు అన్నాయనే. అక్కడితో ఆగకుండా, అదే కాలంలో ఆ తాలూకాల్లో పుట్టిన మరికొందరి వ్యాసాలు కూడా వెతికి, ఒక్కొక్కటే సరిచేశారు. ఆ రోజు ఆయన చేసిన మార్పుల జాబితా చూస్తుంటే నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. ముఖం తెలియని మనిషి, పైసా రాని పని.

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయినప్పుడు ఆ చర్చే మళ్ళీ పనికొచ్చింది. కైకలూరు వైపు ఊళ్ళు కృష్ణా నుంచి ఏలూరు జిల్లాకు వెళ్ళాయి. కొత్తవాళ్ళు జిల్లా పేరు మార్చబోతే, ఆ పాత చర్చ లింకు ఇస్తే సరిపోయింది. తెలంగాణ వ్యాసాలకూ ఇదే అవసరం. 2016 అక్టోబరులో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33.

అయితే అదే చర్చ పేజీలో, ఆ విభాగం కిందే ఇంకొకటి ఉంది. ఆ కళాకారుడి మనవడు వచ్చారు. "మా తాతగారు పుట్టింది వాళ్ళ అమ్మమ్మగారి ఊళ్ళో, మీరు రాసిన ఊళ్ళో కాదు" అన్నారు. మన ఇళ్ళల్లో పురిటికి పుట్టింటికి వెళ్ళడం మామూలే కదా. అల్లూరి సీతారామరాజు పుట్టింది తల్లి పుట్టిల్లు పాండ్రంగిలో, స్వగ్రామం మోగల్లు. పాత జీవిత చరిత్రల్లో ఈ రెండూ కలిసిపోతూ ఉంటాయి. ఆ మనవడు చెప్పిందే నిజమని నా నమ్మకం. కానీ ఇంట్లోవాళ్ళ మాటకు అచ్చులో ఆధారం లేదు, ఆధారం లేనిది వ్యాసంలోకి వెళ్ళదు. ఆ నియమం లేకపోతే ఎవరికి తోచింది వాళ్ళు రాస్తారు, అది నాకు తెలుసు. అయినా మనసుకు కష్టంగానే ఉంది.

దానికి తోడు ఆయన ఇంకో మాట అడిగారు. "చర్చలో ఒకరినొకరు గారూ అని పిలుచుకుంటున్నారు, మా తాతగారిని మాత్రం జన్మించాడు అని రాశారేమిటి?" వ్యాసాల్లో ఎవరికీ గౌరవ వాచకాలు వాడకూడదన్నది తెలుగు వికీపీడియా శైలి, ముఖ్యమంత్రికైనా అంతే. ఒకరు మర్యాదగానే వివరించారు. ఆయన మళ్ళీ రాలేదు. జన్మస్థలం తీసేసి 'స్వగ్రామం' అని మాత్రం మార్చాం. ఆయన చెప్పిన మాట చర్చ పేజీలో ఉంది, వ్యాసంలో లేదు.

వాదన తుడిచెయ్యరన్నాను కదా. నిజమే, కానీ చాలా పేజీల్లో అసలు వాదనే లేదు. చర్చ ట్యాబు నొక్కితే ఖాళీ. ఇంగ్లీషు వికీపీడియాలో పెరుగు వ్యాసం పేరులో 'హెచ్' అనే అక్షరం ఉండాలా వద్దా (Yoghurt అనాలా, Yogurt అనాలా) అని ఏళ్ళ తరబడి వాదించుకుని 2011లో తేల్చారు. అంతమంది మనకు లేరు. మన దగ్గర ఏకాభిప్రాయం అంటే ఒక్కోసారి ఇద్దరు మనుషులే. అడిగిన ప్రశ్నకు నెలల తరవాత జవాబు వచ్చిన సందర్భాలున్నాయి, రానివీ ఉన్నాయి. మా ఇంట్లో ఫోన్‌లో వికీపీడియా చూసే పిల్లలకు చర్చ పేజీ ఒకటుందనే తెలియదు.

నాకు ఇది కుదిరిందంటే కారణాలున్నాయి. ఉద్యోగం నుంచి రిటైరయ్యాను, సాయంత్రాలు ఖాళీ. రాజమండ్రిలో ఉంటాను కాబట్టి గౌతమీ గ్రంథాలయానికి వెళ్ళి పాత పుస్తకం తిరగేసి రావచ్చు. ఉద్యోగం చేసుకుంటూ, ఒక్క తప్పు సరిచేసి వెళ్దామని వచ్చేవాళ్ళకు ఇంత ఓపిక పట్టమని చెప్పలేను. వాళ్ళు వ్యాసంలో మార్చకపోయినా, చర్చ పేజీలో పుస్తకం పేరు, పేజీ నంబరు రాసి పెడితే చాలు. ఎవరో ఒకరు చూస్తారు. ఎప్పుడు చూస్తారో మాత్రం నేను మాట ఇవ్వలేను.