రెండు కాళ్ళ తేమ సెన్సర్: ఏడాది పైగా క్లబ్‌లో వాడాక

బడి వదిలాక నడిపే సైన్స్ క్లబ్‌కి ముందుగా ఏం కొనాలని ఎవరడిగినా నేను దీని పేరే చెబుతాను: మట్టిలో గుచ్చే రెండు కాళ్ళ తేమ సెన్సర్. కాళ్ళ మధ్య మట్టిలోంచి ఎంత కరెంటు పోతుందో చూసి తడి ఎంతో చెబుతుంది. ఆర్డుయినోకి (కోడ్ రాసి నడిపే చిన్న సర్క్యూట్ బోర్డుకి) ఎలా కలపాలో, కోడ్ ఎలా రాయాలో చాలామంది చెప్పేశారు, అది వదిలేస్తున్నా. నేను చెప్పాలనుకున్నది అది పాడైపోయే తీరు గురించి. అందరూ దాన్ని లోపమంటారు. మా పిల్లలకి ఎక్కువ సైన్స్ నేర్పింది ఆ లోపమే.

మాది నల్గొండ వైపు. క్లబ్‌కి వచ్చేది 8, 9, 10 తరగతుల పిల్లలు. టమాటా కుండీలో సెన్సర్, పక్కన బకెట్‌లో చిన్న పంపు పెట్టాం. రీడింగ్ 0 నుంచి 1023 దాకా ఉంటుంది. ఎండు మట్టిలో వెయ్యికి దగ్గరగా, బాగా తడిసిన మట్టిలో 400 దగ్గర చూపేది. 700 దాటితే పంపు తిరగాలి. ఒక్క సాయంత్రంలో అంతా పనిచేసింది. ఆ ఊపులో తెలిసినవాళ్ళందరికీ "పూటలో అయిపోతుంది, కొనేయండి" అని చెప్పాను. పూటలో అయిపోవడం నిజమే. ఎన్నాళ్ళు నిలుస్తుందన్నది వేరే సంగతి.

దసరా సెలవుల్లో మొక్క ఎండిపోకూడదని సెట్ ఆన్‌లోనే ఉంచి వెళ్ళాం. తిరిగొచ్చేసరికి బకెట్ ఖాళీ. కుండీ నిండా బురద, కింది ఆకులన్నీ పసుపు. అంత తడిలోనూ తెర మీద 1023! అంటే సెన్సర్ లెక్కలో మట్టి ఎండిపోయి ఉంది, అందుకే పంపు ఆగకుండా తిరిగింది. బయటికి లాగి చూస్తే ఒక కాలు కొత్తదానిలాగే మెరుస్తోంది. రెండో కాలు నల్లబడి, పూత లేచిపోయి, మధ్యలో రాగి గీత తెగిపోయి ఉంది. దాని చుట్టూ మట్టికి ఆకుపచ్చ మరక.

"మేడమ్, రెండూ ఒకే మట్టిలో ఉన్నాయి కదా, ఒక్క కాలే ఎందుకు పోయింది?" అని తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగింది. నేను జవాబు చెప్పలేదు. ఇంకో సెన్సర్ కాళ్ళని బోరు నీళ్ళ గ్లాసులో ముంచి, నేరుగా 9 వోల్టుల బ్యాటరీకి కలపమన్నాను. మైనస్ వైపు కాలి మీద సన్నటి బుడగలు లేచాయి. ప్లస్ వైపు కాలు కాసేపటికి మసకబారింది, కరెంటు పోతుంటే దాని లోహమే కరుగుతోంది. వైర్లు తారుమారు చేయగానే బుడగలు రెండో కాలికి మారాయి. ద్రవాల విద్యుద్వాహకత పాఠం 8వ తరగతిలో చదివినవాళ్ళే వాళ్ళంతా. కానీ ఆ సాయంత్రం గ్లాసు చుట్టూ మూగి చూసినంత శ్రద్ధగా ఆ పాఠాన్ని ఎవరూ చదివి ఉండరు.

పదో తరగతి కుర్రాళ్ళు అక్కడితో ఆగలేదు. సెన్సర్‌తో పాటు వచ్చే చిన్న బోర్డులో 10 కిలోఓమ్‌ల నిరోధం ఉంది. 5 వోల్టులు ఇచ్చినప్పుడు రీడింగ్ 400 అంటే కాళ్ళ మధ్య ప్రవహించేది దాదాపు 0.3 మిల్లీయాంపియర్. ఎంత కరెంటు పోతే ఎంత లోహం కరుగుతుందో చెప్పే ఫారడే నియమం నేను నల్లబల్ల మీద రాసి చూపించాను, లెక్క వాళ్ళే కట్టారు: ఆ కరెంటంతా రాగిని కరిగించడానికే పోతే రోజుకి 8.5 మిల్లీగ్రాములు. వెంట్రుకంత మందం కూడా లేని రాగి పొర అది, సెలవులన్ని రోజులు ఎలా నిలుస్తుంది?

మందు కూడా లెక్కలోనే దొరికింది. సెన్సర్‌కి ఎప్పుడూ 5 వోల్టులు ఇవ్వకుండా, కోడ్‌తో ఆన్, ఆఫ్ చేయగలిగే ఆర్డుయినో డిజిటల్ పిన్ నుంచి రీడింగ్ తీసే క్షణం మాత్రమే ఇచ్చి ఆపేశాం. పంపు ఒకసారికి ఐదు సెకన్లకి మించి తిరగకూడదని, ఆ తర్వాత కొన్ని గంటలు ఆగాలని కోడ్‌లో ఇంకో షరతు పెట్టారు. అప్పుడు వేసిన సెన్సర్ ఇప్పటికీ పనిచేస్తోంది, కాస్త మాసిందంతే.

ఇంకొకటి మేమెవరం అనుకోనిది. ఒకే మట్టిని రెండు కప్పుల్లో పోసి, ఒకదాంట్లో ఆర్‌వో నీళ్ళు, ఇంకోదాంట్లో అదే కొలత బోరు నీళ్ళు పోస్తే, బోరు నీళ్ళ కప్పులో రీడింగ్ దాదాపు వంద తక్కువ వచ్చింది. చిటికెడు ఉప్పు వేస్తే ఇంకా దిగింది. "ఇది తేమని కాదు మేడమ్, నీళ్ళలో ఉప్పుల్ని కొలుస్తోంది" అన్నాడొకడు. ముప్పాతిక వంతు నిజం. కాబట్టి మా 700 అనే గీత మా మట్టికి, మా బోరు నీళ్ళకే చెల్లుతుంది. మీ నల్లరేగడికి మీ గీత మీరే గీసుకోవాలి.

కచ్చితమైన రీడింగే కావాలంటే కెపాసిటివ్ రకం (మట్టిలోంచి కరెంటు పంపకుండా, పూత లోపలి నుంచే తడిని పసిగట్టేది) మేలు. లోహం మట్టికి తగలదు, కరిగేదేమీ లేదు. అంచులకి నెయిల్ పాలిష్ పూస్తే తడి లోపలికి అంత తేలిగ్గా దిగదు. ఇంట్లో నా కరివేపాకు కుండీలో అదే వాడుతున్నా. రెండు కాళ్ళదాన్ని తినే మొక్కల దగ్గర ఎక్కువ కాలం ఉంచను, కరిగిన రాగి ఆ మట్టిలోనే చేరుతుంది కాబట్టి. పొలంలో డ్రిప్‌కి అసలే వద్దు.

క్లబ్‌కి మాత్రం మళ్ళీ ఇదే కొంటాను. అయితే మాకు వారానికి రెండు సాయంత్రాలు దొరుకుతాయి, చెడిపోయినదాన్ని పిల్లలతో కూర్చుని విప్పి చూసే తీరిక నాకుంది. ప్రదర్శన రోజుకి ప్రాజెక్టు తయారవ్వాలన్న టెన్షన్ ఉన్నచోట ఇది విసిగిస్తుంది. కొనేటట్టయితే బోర్డు ఒక్కటి చాలు, కాళ్ళు మాత్రం నాలుగైదు అదనంగా తెచ్చుకోండి.