గృహహింస కేసు పనులకు ఏ సెలవు మేలు: సీఎల్లా, ఈఎల్లా, ఈఎస్‌ఐయా?

శ్రీసిటీ, రేణిగుంట ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్లు పదేపదే అడిగే ప్రశ్న ఇది: ఇంట్లో కొడుతున్నారని స్టేషన్‌కో, లాయర్ దగ్గరికో వెళ్లాలంటే ఏ సెలవు పెట్టాలి? ఆస్ట్రేలియాలో ఇందుకోసమే ఏడాదికి 10 రోజులు జీతంతో సెలవు ఇస్తారు. పే స్లిప్పులో ఆ పేరు కనబడకూడదని కూడా అక్కడి నియమం. మన చట్టాల్లో అలాంటి సెలవు లేదు. ఉన్నవాటిలోనే ఎంచుకోవాలి: సీఎల్ (క్యాజువల్ లీవ్), ఈఎల్ (పనిచేసిన రోజులను బట్టి జమయ్యే ఎర్న్‌డ్ లీవ్), ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా కింద వచ్చే జబ్బు సెలవు).

చాలామంది ఎన్ని సెలవులు మిగిలాయో లెక్కేసుకుంటారు. అంతకంటే ముందు చూడాల్సింది, ఆ సెలవు జీతంలో బయటపడుతుందా అన్నది. ఏటీఎం కార్డు భర్త దగ్గర ఉంటే, ఖాతాలో తగ్గిన వెయ్యి రూపాయలే నిలదీయడానికి చాలు.

అందుకే నేను సీఎల్ వైపే మొగ్గుతాను. జీతం తగ్గదు, ‘సొంత పని’ అని రాస్తే చాలు, చాలాచోట్ల అరపూట కూడా ఇస్తారు. ఈ పనులు వరసగా రావు మరి: ఒకరోజు రక్షణాధికారి (గృహహింస బాధితులకు సాయం చేసే ప్రభుత్వ అధికారి), ఇంకోరోజు లాయరు, ఆపైన వాయిదాలు. 2005 గృహహింస చట్టం ప్రకారం మొదటి వాయిదా మామూలుగా 3 రోజుల్లో పడాలి, అక్కడి నుంచి 60 రోజుల్లో కేసు తేల్చడానికి కోర్టు ప్రయత్నించాలి. నిజానికి సాగుతూనే ఉంటుంది. మీరు పనిచేసే చోటి కోర్టులోనే కేసు వేయొచ్చు (సెక్షన్ 27). దానివల్ల సగం సెలవులు మిగులుతాయి.

ఈఎల్‌తోనూ జీతం తగ్గదు, కానీ ముందుగా అడగాలి. ఇల్లు మారడానికి, పిల్లల బడి మార్చడానికి దాచుకోండి.

దెబ్బలు తగిలితే మాత్రం ఈఎస్‌ఐ. డాక్టరుతో ‘జారిపడ్డాను’ అనొద్దు. ఎవరు కొట్టారో చెప్పి రాయించిన ఆ కాగితమే రేపు కోర్టులో సాక్ష్యం. నెల జీతం 21,000 దాటనివాళ్లకు, ఈఎస్‌ఐకి చందా కట్టిన రోజులు సరిపోతే, సగటు వేతనంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా వస్తుంది. మొదటి 2 రోజులకు రాదు. జీతంలో కోత ఇంట్లో తెలిసిపోతుంది కాబట్టి, ఆ రోజుల్లో ఎక్కడ ఉండాలో ముందే చూసుకోండి. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే సఖి కేంద్రానికి (బాధిత మహిళలకు సాయం చేసే ప్రభుత్వ కేంద్రం) దారి చూపిస్తారు.

జీతం లేని సెలవు చివరి దారి. తప్పకపోతే ఆ పే స్లిప్పు జాగ్రత్త చేయండి, పోయిన జీతాన్ని గృహహింస చట్టం సెక్షన్ 20 కింద భర్త నుంచి ఇప్పించమని కోర్టును అడగొచ్చు.

ఏ సెలవైనా, పెట్టేముందు హెచ్‌ఆర్ రికార్డులో అత్యవసర ఫోన్ నంబరు ఎవరిదో చూడండి. భర్తదైతే వెంటనే మార్పించండి. లేకుంటే ‘ఈరోజు డ్యూటీకి రాలేదేం’ అన్న ఫోను ఆయనకే వెళ్తుంది.