‘గనక’ దగ్గర

పదహారేళ్ళుగా ఒకే పాట వింటున్నాను. రోజూ కాదు గానీ, నెలకి ఒక్కసారైనా వినకుండా ఉండలేదు. పాట పేరు ‘ఇఫ్ ఐ లవ్డ్ యు’. 1945 ఏప్రిల్ 19న న్యూయార్క్ మెజెస్టిక్ థియేటర్‌లో మొదలైన ‘క్యారసెల్’ అనే సంగీత నాటకంలోది. బాణీ రిచర్డ్ రాడ్జర్స్‌ది, మాటలు ఆస్కర్ హ్యామర్‌స్టైన్‌వి. ఇది నేను విన్న గొంతుల గురించి. నాకు స్వరజ్ఞానం అంతంత మాత్రమే, విన్న జ్ఞానం మాత్రం ఉంది.

మొదటి ఏడాది, ఏడాదిన్నర దీన్ని తప్పుగా విన్నానని ముందే ఒప్పుకోవాలి. నాకు దొరికింది పెర్రీ కోమో పాడిన రికార్డు. నాటకం వచ్చిన ఏడాదే ఆయనా, ఫ్రాంక్ సినాత్రా, బింగ్ క్రాస్బీ విడివిడిగా దీన్ని రికార్డు చేశారు. కోమోది వెన్నలాంటి గొంతు. తొందర లేదు, దిగులు లేదు. నాకు అందులో ‘లవ్’ ఒక్కటే వినపడింది. ప్రేమపాటే కదా అనుకుని, పని చేసుకుంటూ వెనకాల పెట్టుకునేవాణ్ణి. ముందున్న ‘ఇఫ్’ని అసలు లెక్కలోకే తీసుకోలేదు.

తర్వాత నాటకం మొత్తం విన్నాను. అప్పుడు తెలిసింది, ఇది ప్రేమిస్తున్నానని చెప్పే పాట కాదు, చెప్పకుండా తప్పించుకునే పాట అని.

కథ 1873లో, అమెరికాలోని మెయిన్ తీరంలో మొదలవుతుంది. బిల్లీ బిగెలో రంగులరాట్నం దగ్గర నిలబడి జనాన్ని కేకేసి పిలిచేవాడు. జూలీ జోర్డన్ నేత మిల్లులో పనిచేసే అమ్మాయి. ఒక సాయంత్రం ఇద్దరూ ఒక బెంచీ మీద కూర్చుంటారు. అతని ఉద్యోగం అప్పటికే పోయింది. వేళకి వెళ్ళకుండా అతనితో ఉండిపోయినందుకు ఆమెదీ పోతుంది. నాలాంటి మొరటువాణ్ణి పెళ్ళి చేసుకుంటావా అని అతను అడిగితే, ప్రేమిస్తే చేసుకుంటాను అంటుంది. నువ్వు ప్రేమించడం లేదుగా అంటాడు. లేదు అంటుంది. ఆ ‘లేదు’ తర్వాత వచ్చే పాట ఇది.

పాటకి ముందు జూలీ మాటల్లాగే పాడే ఒక ముక్క ఉంది. మగ్గం దగ్గర నిలబడి పరధ్యానంగా పైకప్పు వంక చూస్తూ ఉండిపోయేదాన్ననీ, నాడె దారాల్లో చిక్కుకునేదనీ, పడుగూ పేకా కలగలిసిపోయేవనీ చెబుతుంది. బయట విడిగా పాడేవాళ్ళు చాలామంది ఈ ముక్క వదిలేస్తారు. అక్కడే సగం పాట పోతుంది. పరధ్యానంలో దారాలు చిక్కుపెట్టుకునే పిల్ల, నిన్ను గనక ప్రేమిస్తే మాటలు సరిగ్గా రాక తిరిగిన చోటే తిరుగుతాను అన్నప్పుడు నమ్ముతాం. ఆ పిల్లని చూడకుండా ఆ మాట వింటే అదొక అందమైన వాక్యం, అంతే.

ఒకసారి ఇంట్లోవాళ్ళకి అర్థం చెబుదామని పల్లవిని తెలుగులో పెట్టబోయాను. ‘నిన్ను ప్రేమిస్తే’ అన్నాను. కుదరలేదు. మన భాషలో అనుమానం చివర వస్తుంది. ప్రేమ అనే మాట బయటపడిపోయాక దానికి ‘తే’ తగిలిస్తాం. ఇంగ్లీషులో అనుమానం ముందే వచ్చేస్తుంది, ఆ తర్వాతే ప్రేమ. ‘ప్రేమించి ఉంటే’ అంటే కథ అయిపోయినట్టుంది. చివరికి ‘నిన్ను గనక ప్రేమించేదాన్నయితే’ దగ్గర ఆగాను. అదీ జూలీకే. బిల్లీ నోట ‘ప్రేమించేవాణ్ణయితే’ అవ్వాలి. ఇంగ్లీషులో ఇద్దరికీ ఒకే వాక్యం సరిపోతుంది. అనువాదం అక్కడితో ఆగిపోయింది గానీ ‘గనక’ మాత్రం నా దగ్గర మిగిలింది. అప్పటినుంచి ఎవరు పాడినా ముందు వినేది, ఆ ‘గనక’ దగ్గర వాళ్ళు ఏం చేశారన్నదే.

రెండో పరీక్ష చివరి లైనులో ఉంది. నేను నిన్నెంతగా ప్రేమించానో నీకు ఎప్పటికీ తెలియకుండా నువ్వు వెళ్ళిపోతావు అని పాట పైస్థాయికి ఎక్కుతుంది. నోరు జారింది. వెంటనే ‘ఇఫ్ ఐ లవ్డ్ యు’ అని సర్దుకోవాలి. నాలిక కరుచుకోవడం అన్నమాట. అక్కడ నాలిక కరుచుకోని గాయకుడు ఎంత బాగా పాడినా నాకు పూర్తిగా నచ్చడు.

ఈ లెక్కన కోమో రెండుచోట్లా తప్పాడు. ఆయన మీద కోపం లేదు. రేడియోకీ రికార్డుకీ పాడారు, ఆ పని బాగా చేశారు. సినాత్రా మీద మాత్రం చిన్న అసంతృప్తి. అప్పటికి ముప్పై ఏళ్ళు నిండని గొంతు. ఒక లైను చివర ఊపిరి తీసుకోకుండా తర్వాతి లైనులోకి జారిపోయే విద్య అప్పటికే ఆయన చేతిలో ఉంది. కానీ ఈ పాటకి కావలసింది ఊపిరి తెగడం! మాటలు రాని మనిషి అంత నున్నగా పాడితే ఎలా? తర్వాత ఈ నాటకాన్ని 1956లో సినిమాగా తెచ్చినప్పుడు బిల్లీగా ముందు ఎంపికైందీ ఆయనే. షూటింగ్ మొదట్లోనే తప్పుకున్నారు, గోర్డన్ మెక్‌రే వచ్చారు. సినాత్రా చేసుంటే ఎలా ఉండేదో అని అప్పుడప్పుడూ అనుకుంటాను. నలభై దగ్గరపడ్డ, దెబ్బలు తిన్న ఆ గొంతుకి ఈ ‘గనక’ బాగా కుదిరేదేమో.

మెక్‌రే గొంతు నిండుగా, వెచ్చగా ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నం వినడానికి అంతకంటే హాయి లేదు. అయితే ఆయన మొదటి మాటకే ప్రేమలో పడిపోయి ఉన్నాడు, దాచడానికి ఏమీ మిగల్లేదు. పక్కన జూలీగా షర్లీ జోన్స్ నయం. సినిమా తీసేనాటికి ఆమెకి ఇరవై ఒకటి. గొంతులో ఎక్కడా బరువు లేదు కాబట్టి ‘లేదు’ అన్నా నమ్మాలనిపిస్తుంది. దృశ్యంతో సహా మొదటిసారి వినాలనుకునేవాళ్ళకి సినిమానే తేలిక.

నా సమయం ఎక్కువగా తిన్నవాడు జాన్ రైట్. తొలి బిల్లీ ఆయనే. 1945 రికార్డులో ఆయన వయసు ఇరవై ఎనిమిది. అప్పటి 78 ఆర్పీఎం ప్లేటుకి ఒక్కో పక్క కొద్ది నిమిషాలే పట్టేది కాబట్టి బెంచీ సీన్‌ని బాగా కత్తిరించారు. జూలీగా జాన్ క్లేటన్ సగం మాటలు, సగం పాటగా వినిపిస్తుంది. రైట్ గొంతు గంట కొట్టినట్టు ఖంగుమంటుంది. మొదట్లో నాకది నచ్చలేదు. ఇంత ధీమాగా పాడేవాడికి భయమేమిటి అనుకున్నాను. చాలా ఏళ్ళు పట్టింది అర్థం కావడానికి. బిల్లీ బతుకంతా కేకలేసి జనాన్ని పిలిచినవాడు. అతనికి మెల్లగా మాట్లాడటం రాదు. భయమేసినా గట్టిగానే అరుస్తాడు. ఆ ఖంగుమనే గొంతులో ‘గనక’ మీద ఒక చిన్న తడబాటు ఉంటుంది, మెట్టు ఉందనుకుని అడుగేస్తే లేనట్టు. హెడ్‌ఫోన్లు పెట్టుకుంటేనే దొరుకుతుంది.

అదే రైట్ ఇరవై ఏళ్ళ తర్వాత, 1965లో, న్యూయార్క్‌లోని లింకన్ సెంటర్‌లో మళ్ళీ బిల్లీ వేశారు. ఆ రికార్డింగూ ఉంది. వయసు నలభై ఎనిమిది. గొంతు అలాగే ఉంది, అడుగున కాస్త చీకటి చేరింది. కుర్రాడి వేషానికి వయసు మించిందనే మాట నిజమే. అయినా కళ్ళు మూసుకుని వింటే, ‘బంగారంలాంటి అవకాశాలన్నీ చేజార్చుకుంటాను’ అనే మధ్య ముక్క ఈ రెండోసారే గట్టిగా తగులుతుంది. మొదటిదాంట్లో అది ఊహ. రెండోదాంట్లో అనుభవంలా వినపడుతుంది. నాటకం ప్రకారం బిల్లీకి ఆ అనుభవం ఇంకా రాలేదు కాబట్టి నిజానికి ఇది తప్పే. తెలిసీ నేను రెండోదే ఎక్కువసార్లు వింటాను.

1987 స్టూడియో రికార్డింగ్‌ది విచిత్రమైన జోడీ. బిల్లీగా ఆపెరాల్లో బాగా కిందిస్థాయి గొంతుతో పాడే శామ్యూల్ రేమీ, జూలీగా అరవైకి దగ్గరపడ్డ బార్బరా కుక్. సెకండ్ హ్యాండ్‌లో తెప్పించుకున్న నా సీడీ సరిగ్గా ఈ ట్రాక్ మీదే గీతలు పడి వచ్చింది. అమ్మినతను డబ్బు తిరిగివ్వనన్నాడు. మంచిదే అయింది, సీడీ గెంతుతుంటే ఒక్కో ముక్కా విడిగా వినడం అలవాటైంది. రేమీది కంచు గొంతు, కానీ రాట్నం దగ్గర పనిచేసేవాడిలా కాక రాట్నం ఓనరులా పాడతాడు. కుక్ అలా కాదు. 1950లలోనే ఈ నాటకంలో వేరే పాత్రా, తర్వాత జూలీ పాత్రా వేసిన మనిషి. ఆమె ముందు మాట చెబుతుంది, దాని వెనక స్వరం వస్తుంది. మగ్గం ముక్కలో నిజంగా దారం చిక్కు విప్పుకుంటున్నట్టు అనిపిస్తుంది. చివర నాలిక కరుచుకోవడంలో నాకు తెలిసి ఆమెని మించినవాళ్ళు లేరు. గొంతు వయసు తెలిసిపోతుంది, తెలిసినా అడ్డు రాదు.

పాడటం కంటే నటన ఎక్కువ వచ్చినవాడు పాడితే ఎలా ఉంటుందో 1994 లింకన్ సెంటర్ బృందం రికార్డులో మైకేల్ హేడెన్ దగ్గర వినచ్చు. పై స్వరాల దగ్గర కష్టపడతాడు. మొదటిసారి విన్నప్పుడు మధ్యలోనే ఆపేశాను. ఇప్పుడు ఆ కష్టమే ఇష్టం. బిల్లీకి పాట రాకూడదు కదా, మాటలే రానివాడికి!

బార్బ్రా స్ట్రైసాండ్ 1985 ‘బ్రాడ్వే ఆల్బమ్’లో దీన్ని ఒక్కతే పాడుకుంది. పక్కన మనిషి లేడు. కాబట్టి దాచాల్సిన పనీ లేదు, తనలో తాను నెమరేసుకోవడమే. ప్రతి మాటనీ చేతిలో పట్టుకుని చూసుకుంటుంది. అందంగా ఉంటుంది, కానీ అది వేరే పాట.

2015లో జోష్ గ్రోబన్, ఆడ్రా మెక్‌డొనాల్డ్ కలిసి పాడినదాని గురించి చెబితే స్నేహితులకి కోపం వస్తుంది. రెండూ గొప్ప గొంతులు. అక్కడే నా ఇబ్బంది. నాటకంలో జూలీ ఒకసారి పాడుతుంది, తర్వాత బిల్లీ ఒకసారి పాడతాడు. ఇద్దరూ ఒకేసారి పాడరు. గొంతులు కలిశాయంటే ఒప్పేసుకున్నట్టే, ఇక ‘గనక’కి పనేముంది? పెళ్ళి పందిట్లో వేయడానికి బాగుంటుంది.

కొత్తవాటిలో 2013లో న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ వాద్యబృందంతో కెల్లీ ఒహారా, నేథన్ గన్ చేసిన ప్రదర్శన వీడియో చూడదగ్గది. ఒహారా మాటలోంచి పాటలోకి ఎప్పుడు దాటిందో పట్టుకోవడానికి చాలాసార్లు వెనక్కి తిప్పాను. 2018 బ్రాడ్వే బృందంలో జాషువా హెన్రీ గొంతులో బలం, కోపం రెండూ ఉన్నాయి. బిల్లీ తర్వాత భార్య మీద చెయ్యి చేసుకుంటాడని గుర్తుపెట్టుకుని పాడినవాడు నేను విన్నవాళ్ళలో అతనొక్కడే అనిపిస్తుంది. ఈ నాటకం ఆ దెబ్బని తేలిగ్గా వదిలేస్తుందనేది ఎప్పటినుంచో ఉన్న ఫిర్యాదు, నాదీ అదే. పాట ఎంత ఇష్టమైనా ఆ చిరాకు పోలేదు. జెస్సీ ముల్లర్ జూలీ తక్కువ చేసి పాడుతుంది, ఇంకాస్త చేసుంటే బాగుండేది.

కొత్తగా వినేవాళ్ళు ఎవరి గొంతుతోనైనా మొదలుపెట్టండి, కానీ బెంచీ సీన్ మొత్తం ఉన్నది తీసుకోండి. పన్నెండు నిమిషాల దాకా ఉంటుంది. పాటయ్యాక వచ్చే మాటలు కూడా వినండి. చెట్టు మీంచి పూలు రాలుతుంటాయి. గాలేమీ లేదే అంటాడు బిల్లీ. నిజమే, వాటంతట అవే రాలుతున్నాయి, రాలే వేళయింది కాబోలు అంటుంది జూలీ. పాటలో ఒప్పుకోనిది అక్కడ ఒప్పుకుంటుంది.

నాటకం చివర్లో, చనిపోయి పదిహేనేళ్ళయ్యాక, బిల్లీ ఒక్కరోజు కోసం భూమి మీదికి వస్తాడు. జూలీ ముందు అదే బాణీ మళ్ళీ పాడతాడు. ఈసారి అవకాశాలు చేజారతాయేమో అనడు, చేజార్చుకున్నాను అంటాడు. ఆఖర్న ‘ఇఫ్’ ఉండదు. ఎంతగా ప్రేమించానో, ఎంతగా ప్రేమించానో అని రెండుసార్లు అంటాడు. దీన్ని విడిగా ఎప్పుడూ పెట్టుకోను. మొన్నామధ్య బస్సులో వెళ్తుంటే ఫోను తనంతట తను పాటలు కలిపేస్తూ సరిగ్గా దాన్నే ముందు వేసింది. రెండో లైనుకే ఆపేసి, బెంచీ సీన్ మొదటినుంచి పెట్టుకున్నాను. పూలు రాలేసరికి నేను దిగాల్సిన స్టాపు రెండు స్టాపుల వెనక ఉంది.