మడమ నొప్పికి ‘పెయిన్ ఎడ్యుకేషన్’ సిట్టింగ్: డబ్బు పెట్టొచ్చా?

మడమ వెనక అకిలిస్ టెండన్ (పిక్క కండరాన్ని మడమ ఎముకకు కలిపే తాడులాంటి భాగం) నొప్పి మూడు నెలలు దాటినవాళ్లకు కొన్ని ఫిజియోథెరపీ సెంటర్లు వ్యాయామంతో పాటు ‘పెయిన్ ఎడ్యుకేషన్’, అంటే నొప్పి ఎందుకు, ఎలా వస్తుందో వివరించే పాఠం, సిట్టింగులు కూడా ఇస్తున్నాయి. దాన్ని విడి ప్యాకేజీగా కొంటే దండగ. బరువు పెంచుకుంటూ పోయే వ్యాయామాలతో కలిపి, మొదటి రెండు సిట్టింగుల్లోనే చెప్తే మాత్రం పనికొస్తుంది.

చెప్పాల్సిన విషయం పెద్దదేం కాదు. చాలామంది ‘నరం అరిగిపోయింది, అడుగు గట్టిగా వేస్తే తెగుతుంది’ అన్న భయంతో వస్తారు. స్కానింగ్‌లో టెండన్ మందంగా కనిపించడం నొప్పి లేనివాళ్లలోనూ మామూలే. నొప్పి నెలల తరబడి ఉంటే వెన్నుపాము, మెదడు ఆ కబురును పెంచి వినిపించడానికి అలవాటుపడవచ్చు. నిద్ర చాలకపోయినా, భయం పెరిగినా అది ఇంకా ఎక్కువవుతుంది. అంటే పొద్దున మంచం దిగగానే పొడిచే నొప్పి, టెండన్ కొత్తగా దెబ్బతిందనడానికి రుజువు కాదు. ఇది చెప్పడానికి ఇరవై నిమిషాలు చాలు.

అసలు విలువంతా ఆ తర్వాత ఇచ్చే నియమంలో ఉంది. సున్నా నుంచి పది దాకా కొలిస్తే, వ్యాయామంలో నొప్పి 5 దాటకూడదు. మర్నాటి పొద్దుటికి తగ్గిపోవాలి. వారం వారం పెరుగుతూ పోకూడదు. 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించిన ట్రయల్లో, ఈ హద్దుల్లో ఉంటూ పరుగులు, గెంతులు కొనసాగించినవాళ్లు వాటికి దూరంగా ఉన్నవాళ్లకంటే వెనకబడలేదు.

వ్యాయామం గోడ పట్టుకుని రెండు కాళ్ల మీద మడమలెత్తడంతో మొదలవుతుంది. పైకి మూడు సెకన్లు, కిందికి మూడు సెకన్లు, పదిహేనేసి చొప్పున మూడు విడతలు. అది తేలికైతే ఒంటికాలు మీద, ఆ తర్వాత వీపున పుస్తకాల బ్యాగుతో. నొప్పి మడమ ఎముకకు అంటుకునే చోటే ఉంటే మడమను మెట్టు అంచు కిందికి దించకూడదు, మొదట్లో నేల మీదే చేయాలి. గొంతుక్కూర్చున్నప్పుడు కూడా టెండన్ అక్కడే ఎముకకు నొక్కుకుంటుంది. కొన్ని వారాలు అలా కూర్చోకపోవడం మంచిది. ఈ మాట చెప్పని సెంటర్లు ఆశ్చర్యం కలిగించేటన్ని ఉన్నాయి.

పాఠం చెడేది ఎక్కువగా ఒక్క వాక్యం దగ్గర: ‘నొప్పి మీ మెదడులో ఉంది.’ వినేవాళ్లకు అది ‘మీరు నటిస్తున్నారు’ అన్నట్టే ఉంటుంది, రెండో సిట్టింగుకు రారు. ఇంగ్లిష్ స్లైడ్లతో న్యూరాన్ల బొమ్మలు చూపించి గంట గడిపేయడం ఇంకో తప్పు. అన్నిటికన్నా నష్టం చేసేది రెండు నాలుకల ధోరణి. పాఠంలో ‘భయం వద్దు’ అంటారు, టేబుల్ దగ్గరికి వెళ్లాక ‘జాగ్రత్త, టెండన్ బలహీనంగా ఉంది’ అంటారు. రోగికి గుర్తుండేది రెండోదే.

మంచి థెరపిస్టు నొప్పి తిరగబెట్టే రోజు కోసం ముందే సిద్ధం చేస్తారు: ‘రేపు పొద్దున నొప్పి పదికి 6 ఉంటే ఏం చేస్తారు?’ జవాబు ‘మానేస్తాను’ అయితే పాఠం ఎక్కలేదన్నమాట. రెండు రోజులు బరువు సగానికి తగ్గించి, నొప్పి దిగాక మళ్లీ పాత బరువుకు రావాలి.

ఇక అమ్మేవాళ్లు చెప్పని సంగతి. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం 2023లో ప్రచురించిన ట్రయల్లో 66 మంది అకిలిస్ నొప్పివాళ్లు ఉన్నారు. ఒక గుంపుకు నొప్పి శాస్త్రం, ఇంకో గుంపుకు టెండన్ నిర్మాణం గురించి చెప్పారు, రెండు గుంపులచేతా వ్యాయామం చేయించారు. ఎనిమిది వారాలకు రెండు గుంపులకూ నొప్పి తగ్గింది, తేడా మాత్రం తేలలేదు. కాబట్టి ఫలానా పాఠమే చెప్తామన్నందుకు అదనంగా డబ్బు ఇవ్వాల్సిన పని లేదు. డబ్బు వ్యాయామం సరిగ్గా నేర్పి, పన్నెండు వారాలు వెంటబడి చూసేవాళ్లకు ఇవ్వండి.

‘ఫట్’మని శబ్దం వచ్చి మునివేళ్ల మీద లేవలేకపోయినా, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్ వాడాక నొప్పి మొదలైనా పాఠాలు తర్వాత, ముందు డాక్టరు. డబ్బు కట్టే ముందు కౌంటర్‌లో అడగాల్సింది ఒకటే: బరువు ఎప్పుడెప్పుడు, ఎంతెంత పెంచుతారో రాసిస్తారా?