లైవ్‌లో చంపేవాడా, చాటింగ్‌లో వల వేసేవాడా? మన షార్ట్ ఫిల్మ్‌కు ఏ హంతకుడు మేలు

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు ఇరవై నిమిషాల థ్రిల్లర్ తీయాలనుకునేవాళ్ల స్క్రిప్టుల్లో ఇంటర్నెట్ సీరియల్ కిల్లర్ ఎక్కువగా రెండు వేషాల్లో వస్తాడు. ఒకడు హత్యను లైవ్‌లో చూపిస్తాడు. ఇంకొకడు చాటింగ్‌లో మచ్చిక చేసుకుని ఫలానా చోటికి రమ్మంటాడు. మా ఓటు రెండోవాడికే.

లైవ్ కథలో ఊపు ఉంది, కాదనలేం. 2008లో వచ్చిన హాలీవుడ్ సినిమా ‘అన్‌ట్రేసబుల్’ అంతా దాని మీదే నడుస్తుంది: సైట్ చూసేవాళ్లు పెరిగేకొద్దీ బందీకి చావు దగ్గరవుతుంది. చూసే జనానికీ నేరంలో వాటా ఉందనడం గట్టి పాయింటే. అదే కథను దేవరకొండ అవతల మూతబడ్డ కోళ్ల ఫారంలో పెట్టి చూడండి. 720పి వీడియో లైవ్ పోవాలంటే అప్‌లోడ్ 3 ఎంబీపీఎస్ దాకా తెగకుండా ఉండాలి, గంటకు 1.35 జీబీ అవుతుంది. ఊరి బయట ఒక్క టవర్ సిగ్నల్ మీద అది నిలవడం కష్టం. పేరున్న యాప్‌లో పెడితే రిపోర్టులు కొట్టి ఆపేస్తారు. సొంత సర్వర్ అంటే, వేలమందికి లింకు ఎట్లా చేరిందో చెప్పాలి. 2019లో న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ మసీదుల మీద జరిగిన దాడిని లైవ్ నడుస్తుండగా చూసినవాళ్లు 200 మంది కూడా లేరని ఫేస్‌బుక్కే ప్రకటించింది. తొలి 24 గంటల్లో తీసేసిన వీడియోలు మాత్రం 15 లక్షలు. పాకేది లైవ్ కాదు, కాపీ. ఖర్చు వేరే: ప్రతి షాట్‌లో వ్యూల అంకె, కామెంట్లు ఎడిటింగ్‌లో అతికించాలి, ఒక కట్‌కూ ఇంకో కట్‌కూ అంకె తప్పితే ప్రేక్షకుడు ఇట్టే పట్టేస్తాడు.

వల వేసేవాడి కథకు రెండు ఫోన్లు, ఒక బస్టాండ్ చాలు. ఇది ఊహ కూడా కాదు. 2017లో జపాన్‌లోని జామాలో బయటపడ్డ కేసులో హంతకుడు చనిపోవాలని ఉందని రాసుకున్నవాళ్లను ట్విటర్‌లో వెతికి, సాయం చేస్తానని ఇంటికి పిలిచి తొమ్మిది మందిని చంపాడు. తప్పిపోయిన ఒక అమ్మాయి సోదరుడు ఆమె ఖాతాలోకి వెళ్లి వెతకబట్టే జాడ దొరికింది. మన కథలోనూ మొదటి ఆధారం ఇంట్లోవాళ్లకే దొరకనివ్వండి. చెల్లె ల్యాప్‌టాప్‌లో లాగవుట్ చేయని వాట్సాప్‌ను అక్క తెరుస్తుంది. చివరి వాయిస్ మెసేజ్: “అక్కా, బస్సు దిగిన. చార్జింగ్ అయిపోతుంది, మళ్ల చేస్త.”

ఇక దర్యాప్తు. మ్యాపు మీద ఎర్రచుక్క మిణుకుమనడం పెట్టొద్దు. పల్లెల్లో ఒక టవర్ కొన్ని కిలోమీటర్ల మేర పనిచేస్తుంది, కాబట్టి టవర్ రికార్డుతో దొరికేది ఒక ప్రాంతమే, ఇల్లు కాదు. కాల్ రికార్డుల్లో వాట్సాప్ మాటలు రావు. ఐపీ అడ్రస్ (నెట్ కనెక్షన్‌కు ఉండే నంబరు) దొరకగానే మనిషి దొరికినట్టు కాదు, మొబైల్ కంపెనీలు ఒకే పబ్లిక్ ఐపీని ఒకేసారి ఎంతోమందికి పంచుతాయి. ఐపీతో పాటు ఒకే ఐపీ పంచుకునేవాళ్లను విడదీసే పోర్ట్ నంబరు, సెకన్లతో సహా టైము ఉంటేనే ఒక్క సిమ్ తేలుతుంది.

కథకు అసలు మలుపు ఇక్కడే ఉంది. సర్వర్ లాగుల్లో (ఎవరు ఎప్పుడు వచ్చారో సర్వర్ రాసుకునే చిట్టాల్లో) టైము మామూలుగా యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంటుంది. దానికి 5:30 గంటలు కలిపితే మన టైము వస్తుంది. లాగులో 14వ తేదీ 18:40 అంటే మనకు 15వ తేదీ అర్ధరాత్రి 12:10. ఎస్సై ఆ తేడా కలపకుండా కంపెనీకి నోటీసు పంపితే, సాయంత్రం అదే ఐపీ, అదే పోర్ట్ వాడుకున్న మిర్యాలగూడ రైస్ మిల్లు గుమస్తా స్టేషన్‌లో కూర్చుంటాడు. అమాయకుడు లోపల, హంతకుడు బయట, మధ్యలో ఐదున్నర గంటలు. ఒక్క రూపాయి ఖర్చు లేని ఉత్కంఠ. నోటీసు బీఎన్ఎస్ఎస్ (కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం) సెక్షన్ 94 కింద అని రాయండి, పాత సీఆర్‌పీసీ 91 కాదు. ఫోన్ సాక్ష్యం కోర్టుకు పోయేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63(4) సర్టిఫికెట్, దాంట్లో హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే కోడ్) ఉండాలి.

2019లో యాదాద్రి జిల్లా హాజీపూర్‌లో బయటపడ్డ అమ్మాయిల వరుస హత్యల ఛాయలు మాత్రం తేవద్దు. ఆ కుటుంబాల గాయం ఇంకా పచ్చిగానే ఉంటుంది.

షూటింగ్‌లో ఎక్కువగా చెడేది ఫోన్ తెర. చాట్‌ను ముందే వీడియోగా రికార్డు చేసి ఫోన్‌లో ప్లే చేస్తూ తీయండి, నటుడు లైవ్‌లో టైపు చేస్తే రెండో టేకు కలవదు. సెకనుకు 25 ఫ్రేములతో తీస్తూ కెమెరా షట్టర్ 1/50 సెకను పెడితే ట్యూబ్‌లైటు మిణుకు పోతుంది. ఫోన్ తెర మీద చారలు పారితే బ్రైట్‌నెస్ పెంచి, షట్టర్ కొంచెం మార్చి చూడండి. తెర మీద ఒకసారికి రెండు లైన్లకు మించి తెలుగు పెట్టొద్దు, చిన్న తెరలో చదవలేరు. పొడుగు మాటలన్నీ వాయిస్ మెసేజ్‌కు మార్చండి. యాస కూడా వినబడుతుంది.

చంపినంక వీడియో అప్‌లోడ్ చేసే మూడో రకం హంతకుడూ ఉన్నాడు గానీ, జరగాల్సింది జరిగిపోయాక కథలో పట్టు ఉండదు. బస్టాండ్ సీన్‌కు ఆర్టీసీ అనుమతి ముందే అడగండి. అది రాకపోతే బైపాస్ పక్క రిక్వెస్ట్ స్టాప్‌లో దిగినట్టు మార్చుకోవచ్చు, అక్కడ సీసీ కెమెరా లేకపోవడం కథకూ కలిసొస్తుంది.